అంటు

మా ఇంట్లో కడుక్కోవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకరు మా మామ్మ, రెండోదాన్ని నేను.

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి కొద్ది రోజుల ముందు, హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చేశాను. ఇంట్లో మామ్మ, అమ్మా నాన్నా, బాబాయి పిన్ని, వాళ్ళబ్బాయి. నాతో కలిపి ఏడుగురం. ఒక వంటిల్లు, రెండు బాత్రూములు, పెరట్లో ఒక కుళాయి. ఆ రోజుల్లో అందరం పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాం, కూరగాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టాం, పేపరు మానేశాం. ఏడాదిన్నర తిరిగేసరికి ఒక్కొక్కరే అన్నీ వదిలేశారు. నేను వదల్లేకపోయాను.

నాన్న బజారుకెళ్ళొస్తే ఎక్కడ కూర్చున్నారో గుర్తుపెట్టుకునేదాన్ని. ఆయన లేచాక ఆ కుర్చీ తుడిచేదాన్ని. తుడిచిన గుడ్డ ఉతకాలి, ఉతికిన చేతులు కడుక్కోవాలి, తిప్పిన కుళాయి కడగాలి, మళ్ళీ చేతులు. మోచేతుల దాకా చర్మం పగిలిపోయింది. అమ్మ గడప దగ్గరే ఆగి, “చెప్పవే, ఇప్పుడు లోపలికి రావచ్చా?” అని అడిగేది. నాన్న కొట్టుకెళ్ళిన సంగతి దాచిపెట్టడం మొదలుపెట్టారు. నాకు నచ్చేలా ఉండటం ఇంట్లో అందరికీ ఒక ఉద్యోగం అయిపోయింది.

సంతోషించింది మామ్మ ఒక్కతే. “ఇన్నాళ్ళకి ఈ కొంపలో ఒకళ్ళకి మడీ తడీ తెలిసొచ్చిందే” అంది. అప్పుడే ఫోన్లలో మెసేజీలు కూడా తెగ తిరిగాయి – మన పెద్దవాళ్ళకి సూక్ష్మజీవుల సంగతి ముందే తెలుసు, అందుకే మడి పెట్టారు అని. ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది. నాకున్నది జబ్బు కాదు, వారసత్వం అనుకోవచ్చు కదా.

అది ఎంతవరకు నిజమో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

*

ముందు మాట దగ్గర మొదలుపెడతాను. తెలుగులో ‘అంటు’ అంటే తాకడం. తాకడం వల్ల వచ్చే అశుద్ధమూ అంటే. ఒకరి నుంచి ఒకరికి సోకేది అంటువ్యాధి. తిన్నాక కడగాల్సిన గిన్నెలు అంట్లు. మాకు దగ్గర్లోని కడియం నర్సరీల్లో మామిడికి కట్టేదీ అంటే. ఒక కొమ్మ ఇంకో మొక్కని తాకి, అతుక్కుని, పెరగడం. ఒకే మాటలో ఆచారం, వైద్యం, వంటింటి పని, తోటపని అన్నీ ఉన్నాయి. మాట ఒకటే కాబట్టి వాటి వెనకున్న లెక్క కూడా ఒకటే అనుకోవడం తేలిక. నేను చేసిన పొరపాటూ అదే.

మామ్మ మడి లెక్క వేరు. పొద్దున్నే తలమీంచి నీళ్ళు పోసుకుని, ఎవరూ తాకకుండా పై దండెం మీద ఆరిన బట్టని కర్రతో తీసి కట్టుకునేది. పట్టుబట్టకి కొన్ని మినహాయింపులు. అన్నం గిన్నె ముట్టుకున్న చేత్తో పెరుగు గిన్నె గాని, ఆవకాయ జాడీ గాని ముట్టుకుంటే అంటు. వండని బియ్యానికి, పళ్ళకి ఆ బాధ లేదు. పురుడు వస్తే మైల, చావు వస్తే మైల, నెలసరి వస్తే దూరంగా కూర్చోవడం. దేనికి ఎన్నాళ్ళో, స్నానం ఎప్పుడో, అన్నిటికీ లెక్క ఉంది.

ఇంగ్లండులో మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ అనే పుస్తకం ప్రచురించారు. మురికి అనేది వస్తువులో ఉండే గుణం కాదని, ఉండకూడని చోట ఉన్నదాన్నే మనం మురికి అంటామని ఆవిడ వాదన. మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కంచంలో ఉన్నంతసేపు అన్నం పరబ్రహ్మ స్వరూపం. కంచం పక్కన పడితే అదే మెతుకు ఎంగిలి. జడలో ఉన్న వెంట్రుకకి నూనె రాస్తాం, పప్పులో కనిపిస్తే కంచం వదిలి లేస్తాం.

అంటే మడి అడిగే ప్రశ్న “ఎవరు ముట్టుకున్నారు? ఎప్పుడు?” అని. సూక్ష్మజీవి సంగతి ఆ ప్రశ్నలో లేదు.

లేదని చెప్పడానికి కలరా చాలు. లండన్‌లో జాన్ స్నో 1854లో ఒక వీధి పంపు చుట్టూ జరిగిన చావుల లెక్క తీసి, కలరా నీళ్ళ ద్వారా వస్తోందని వాదించాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1884లో, రాబర్ట్ కాక్ కలకత్తాలో ఆ సూక్ష్మజీవిని వేరుచేసి చూశాడు. మన డెల్టాలో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. తర్వాత కాలవల నీళ్ళే చేలకి, పశువులకి, ఊరి మంచినీళ్ళ చెరువుకి. ఆ నీళ్ళలోనే స్నానం, ఆ నీళ్ళతోనే వంట. ఎంత నిష్ఠగా మడి కట్టుకున్నా, బిందెలోకి వచ్చే నీళ్ళలో కలరా ఉంటే మడి దాన్ని ఆపలేదు. గోదావరి నీళ్ళకి అంటు లేదనేది మడి నమ్మకం. కలరా అడిగేది ‘నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి’ అని మాత్రమే. జనం ఆ జబ్బుని మరిడి అన్నారు. పెద్దాపురంలో మరిడమ్మకి ఆషాఢంలో ఇప్పటికీ జాతర జరుగుతుంది.

కాబట్టి ‘పెద్దవాళ్ళకి ముందే తెలుసు’ అన్న మాట నిలవదు. మరి వాళ్ళకి తెలిసినదేమిటి? దానికి రాజమండ్రిలోనే జవాబు దొరికింది.

*

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. 1856 నాటి చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఊరి లెక్కలో మాత్రం ఉంది. పెళ్ళికి వెళ్ళినవాళ్ళని, ఆ ఇంట భోజనం చేసినవాళ్ళని వెలివేస్తామన్నారు. ఆ వెలికి భయపడి, మొదట తోడు నిలిచినవాళ్ళలో కొందరు ప్రాయశ్చిత్తాలు చేసుకుని అవతలి పక్షంలో కలిసిపోయారు.

ఇవన్నీ స్కూలు పుస్తకాల్లో చదువుకున్నదే. ఈసారి నా కన్ను వేరే చోట పడింది. వెలి అంటే ఒక ఇంట్లో రోజువారీగా ఏమవుతుంది? వంట చేసేవాళ్ళు రారు. నీళ్ళు మోసేవాళ్ళు రారు. పెళ్ళికొచ్చిన కొత్త దంపతులు, సాయానికి నిలిచిన స్నేహితులు ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకి వండాలి, నీళ్ళు కావాలి. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా బిందె తీసుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు, వండి పెట్టారు. ఆ తర్వాత జరిగిన పెళ్ళిళ్ళకీ ఆ ఇంట్లో పని ఆవిడ చేతుల మీదే నడిచింది. 1910లో చనిపోయేదాకా ఆవిడ ఆ పని వదల్లేదు.

ఇక్కడ మురికి ఏది? ఆ ఇంట్లో దుమ్ము లేదు, రోగం లేదు. నీళ్ళు ఊరందరూ తెచ్చుకునే గోదావరివే. ఒక విధవరాలు మళ్ళీ పసుపుతాడు కట్టించుకుంది, ఆమె పక్కన కూర్చుని కొందరు తిన్నారు. అంతే. ఊరు మొత్తానికి ఆ ఇల్లు అంటు అయిపోయింది. మన పెద్దవాళ్ళకి బాగా తెలిసినది ఇది – ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగొచ్చో.

దీని అసలు రూపం అగ్రహారం బయట ఉంది. రాజ్యలక్ష్మమ్మ గారికి కనీసం రేవులో బిందె ముంచుకునే హక్కు ఉంది. ఊరి మంచినీళ్ళ చెరువులో దళితులు బిందె ముంచకూడదన్నది డెల్టా పల్లెల్లో తరాల తరబడి నడిచింది. అంటరానితనాన్ని రద్దు చేసింది 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, 17వ అధికరణంతో. మామ్మ కాపురానికొచ్చిన ఇంట్లో పాకీ దొడ్డి ఉండేది. దాన్ని ఎత్తిపోసే మనిషి పెరటి సందులోంచి వచ్చి అటునుంచే వెళ్ళిపోయేదట. ఆమె పేరు మామ్మకి తెలీదు. ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో. మామ్మ మడిగా ఉండగలగడానికి రోజూ ఒక మనిషి ఆ మురికిని మొయ్యాల్సొచ్చింది.

*

చదువు చదువుగానే ఉంది, చేతులు పగులుతూనే ఉన్నాయి. చివరికి బాబాయే బలవంతంగా ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు ఓసీడీ అన్నారు, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. వందలో ఒకరిద్దరికి ఉండేదేనని, ఏ దేశంలోనైనా, ఏ మతంలోనైనా ఉంటుందని చెప్పారు. మందు రాశారు. “మా మామ్మకీ ఇలాగే ఉండేదండీ” అన్నాను. “ఆవిడ మడి కట్టుకున్నాక నిశ్చింతగా ఉండేవారా?” అని అడిగారు.

ఉండేది. స్నానం అయిపోయాక మామ్మ హాయిగా కాఫీ తాగేది. నాకు ఆ ‘అయిపోవడం’ లేదు. మడి “ఎవరు ముట్టుకున్నారు” అంటుంది, ఆరోగ్యశాస్త్రం “ఏ దారిన లోపలికి వెళ్తుంది” అంటుంది. నా జబ్బు “ఖాయమేనా?” అంటుంది. ఆ ప్రశ్నకి ఎన్ని నీళ్ళు పోసినా చాలవు.

అయితే ఈ రెండింటికీ మధ్య గోడ పలచనే. బెంగాలీలో ‘శుచిబాయి’ అనే మాట ఉంది – శుచి పిచ్చి పట్టినవాళ్ళని అలా అంటారు. కలకత్తా సైకియాట్రిస్ట్ అజితా చక్రవర్తి 1975లో సహరచయితతో కలిసి దాని మీద ఒక పరిశోధనాపత్రం రాశారు. ఆచారం ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది అన్నదే అక్కడి ప్రశ్న. మనకి అంత గట్టి మాట లేదు, ‘చాదస్తం’ అని తేల్చేస్తాం. ఛాందసం అనే మాటే అలా మారింది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు నిజంగా బాధపడుతూ, చాదస్తపు ముసలమ్మలుగా పేరు తెచ్చుకుని వెళ్ళిపోయారో అనిపిస్తుంది.

వైద్యం సంగతికొస్తే, మేరీ డగ్లస్ పుస్తకం వచ్చిన 1966లోనే, అదే లండన్‌లో, విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి గురించి రాశారు. భయపడే వస్తువుని ముట్టుకోవాలి, కడుక్కోకూడదు. ఒక రోగి గదిలో కుళాయి కట్టేయించారు. భయం పెరుగుతుంది, పెరిగి, కడుక్కోకపోయినా దానంతటదే దిగుతుంది. అది దిగుతుందని ఒంటికి తెలియాలి. మాటలతో చెబితే తెలియదు. ఇంట్లోవాళ్ళు “ఏం కాదులే” అని పదేపదే భరోసా ఇవ్వడం కూడా మానాలి, అది కూడా ఒక రకం కడుక్కోవడమే.

ఆ పద్ధతికి ముందు ఒక పట్టిక రాయాలి. దేనికి ఎంత భయం, సున్నా నుంచి వంద దాకా. ఇరవై రెండు రాశాను. రాసి చూసుకుంటే సిగ్గేసింది. బస్టాండులో రెయిలింగుకి నలభై. నాన్న బండి తాళాలకి ముప్ఫై. మా ఇంట్లో పనిచేసే అక్క టీ తాగే స్టీలు గ్లాసుకి తొంభై అయిదు.

అది రోజూ సబ్బుతో తోమే గ్లాసు. తోమేది ఆవిడే. మా అందరి అంట్లూ తోమేది ఆవిడే. ఆ గ్లాసు మాత్రం మా అలమారలో ఉండదు, పెరట్లో కిటికీ గూట్లో ఉంటుంది. ఎప్పటినుంచో అలాగే ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పరు. భయం నాకు మెదడు ఇచ్చింది, డాక్టరు గారు చెప్పినట్టు అందులో నా తప్పు లేదు. కానీ దేన్ని చూసి భయపడాలో మెదడుకి ఎవరు చెప్పారు? ఆ తొంభై అయిదు ఏ క్రిమి వల్ల వచ్చింది కాదు. మామ్మ చెప్పకుండానే నేను నేర్చుకున్న లెక్క అది.

ఆ పట్టిక చూపిస్తే డాక్టరు గారు మామూలుగా పైకి చదివి, “కింది నుంచి మొదలుపెడదాం” అన్నారు. చరిత్ర ఆయన పని కాదు. నా పనే.

తాళాలు, కుర్చీ, రెయిలింగు. ఒక్కోటి దాటడానికి వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మొత్తం వెనక్కి జారిపోయాను. అమ్మ గడప దగ్గర అడగడం మానేసింది. మొదట్లో నేను ఏడ్చాను, అమ్మా ఏడ్చింది.

తొంభై అయిదో అంకె దగ్గరికి వచ్చిన రోజు గ్లాసుని గూట్లోంచి తీసి వంటింటి అలమారలో మా గ్లాసుల మధ్య పెట్టాను. మామ్మ చూసింది, ఏమీ అనలేదు. అక్క వచ్చి గూట్లో వెతుక్కుని, “నా గ్లాసు ఏదమ్మా?” అంది. అలమారలో ఉందన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, “ఎందుకమ్మా ఇప్పుడు, పెద్దావిడ ఊరుకోరు” అంది. నేను వైద్యంలో భాగంగా చేసిన పని ఆవిడకి కొత్త ఇబ్బంది అయిందని అప్పుడు గాని తట్టలేదు. నా భయం తగ్గించుకోవడానికి కూడా ఆవిడ గ్లాసే వాడుకున్నాను.

ఆ రోజు ఇద్దరం టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగాం. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని తొందరగా తాగేసి లేచింది. నాకు భయం ఎనభై దాకా వెళ్ళి, అరగంటకి యాభైకి వచ్చింది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆవిడ గ్లాసు కడిగి ఎక్కడ పెట్టాలో తెలీక సింకు పక్కన బోర్లించి వెళ్ళింది. ఇప్పుడు అలమారలోనే పెడుతోంది. మామ్మ మాత్రం తన కాఫీ గ్లాసు తీసి దేవుడి గదిలో పెట్టుకుంది.