వరుసలు, గడులు, షెల్ స్క్రిప్టులు

విద్యానగర్, తార్నాక, జామై ఉస్మానియా ప్రాంతాలలో స్థిరపడిన మన సభ్యులలో పలువురికి జీతాల బిల్లులు, స్టాకు రిజిస్టర్లు కొట్టినపిండి. అటువంటి పట్టికలను కంప్యూటరు చేత చదివించే విద్యకు కూడా ఒక చరిత్ర ఉన్నది. పింఛను జాబితాలు యంత్రాల చేతిలోనికి వెళ్ళిన ఈ రోజులలో ఆ చరిత్ర మనకు తెలిసి ఉండడం అవసరం.

1969వ సంవత్సరం రెండు విధాల గుర్తుంచుకోదగినది. తార్నాక నుండి మౌలాలి మీదుగా వెళితే వచ్చే ఈ.సి.ఐ.ఎల్. సంస్థ డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో టి.డి.సి.-12 అనే స్వదేశీ కంప్యూటరును అందించినది ఆ ఏడే. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్‌కు శ్రీకారం చుట్టినదీ ఆ ఏడే. ఈ రెంటికీ సంబంధం లేదు. అయితే కాలక్రమాన యునిక్స్ మన ఊరికీ వచ్చింది. 1990లలో అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో వేలాది యువకులు దానిని నేర్చుకున్నారు.

తోటకు నీళ్ళు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్లు ప్రోగ్రాములను కూడా కలపాలని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే సూచించారు. థాంప్సన్ 1973లో దానిని ఆచరణలో పెట్టారు. ఒక ఆజ్ఞ తెరపై చూపవలసిన వరుసలు నేరుగా మరొక ఆజ్ఞకు అందేవి. కావలసిన వరుసలను ఏరడానికి గ్రెప్, మాటలు మార్చడానికి సెడ్, గడులను విడదీసి లెక్క కట్టడానికి 1977లో ఆక్ వచ్చాయి. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ అనే ముగ్గురి పేర్ల తొలి అక్షరాలే ఆక్. 1979లో వెలువడిన బోర్న్ షెల్‌తో ఇటువంటి ఆజ్ఞలను ఒక కాగితంపై రాసిన పనుల జాబితాలాగా స్క్రిప్టుగా కూర్చడం సులువైంది.

చిక్కంతా ఒక్కచోటే ఉన్నది. తెరపై వచ్చే పట్టిక మనిషి కంటికోసం ఏర్పాటైనది. ఫైళ్ళ జాబితా చూపే ఎల్‌ఎస్ ఆజ్ఞ కొత్త ఫైలుకు గంటలు, నిమిషాలు చూపి, ఆరు నెలలు దాటిన ఫైలుకు అదే గడిలో సంవత్సరం చూపుతుంది. మనకు అది సౌకర్యమే గాని, ఆ గడినే నమ్ముకున్న స్క్రిప్టుకు ప్రమాదం.

మన పేర్ల సంగతి చూడండి. ఆక్ మామూలుగా ఖాళీ కనబడినచోట గడి ముగిసిందనుకుంటుంది. ఇంటిపేరు, పేరు, పింఛను మొత్తం అని మూడు గడులు ఉన్నప్పుడు మూడవ గడిని కూడమంటే సరిగానే కూడుతుంది. ఒకరి పేరులో రెండు మాటలుంటే మొత్తం నాలుగవ గడికి జరుగుతుంది. మూడవ గడిలో అక్షరాలే కనబడగా ఆక్ వాటిని సున్నాగా లెక్కించి, తప్పు అని ఒక్క మాటైనా చెప్పకుండా ముందుకు సాగిపోతుంది. ఆ పెద్దమనిషి పింఛను మొత్తంలో చేరదు.

దీనికి విరుగుడు కూడా పాతదే. యునిక్స్‌లో వాడుకదారుల జాబితాకు గడుల మధ్య కోలన్ గుర్తు పెట్టినది ఇందుకే. గడులెన్నో ముందు లెక్కించి, తేడా వచ్చిన వరుసను విడిగా చూపమని స్క్రిప్టులో రాయవచ్చు. చివరకు పేర్ల సంఖ్యను, మొత్తాన్ని వేరొక లెక్కతో సరిచూడవలెను. అడ్డం కూడిక, నిలువు కూడిక కలిసేదాకా బిల్లుపై సంతకం పెట్టని మన తరానికి ఇది కొత్త పాఠం కాదు. యంత్రాలు నడిపే పిల్లలకు ఆ అలవాటును అప్పగించవలసిన బాధ్యత మనది.