గ్యాసు అరగదు, కారుతుంది

హైదరాబాదు నుండి విజయవాడ పోయే దారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా సాగుతుంది. కర్నూలు పోయే దారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటలను దాటుకుంటూ దిగుతుంది. మనకు తొమ్మిదో నంబరు, ఏడో నంబరు రహదారులుగా అలవాటైన ఈ రెండూ ఇప్పుడు 65, 44 అయ్యాయి. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ దారుల వెంట బండరాళ్ళు ఎక్కువ, చెట్టునీడ తక్కువ. నడివేసవిలో ఇక్కడ కారు ఏసీ మొరాయిస్తే సాధారణంగా వినబడే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టియ్యాలె."

ఆ మాటలో ఒక పొరపాటు ఉంది. ఆ పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. ఈ టపా దాని గురించే.

పెట్రోలు మండి ఖర్చవుతుంది. ఏసీ గ్యాసు అలా ఖర్చు కాదు. కూలింగ్ కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ కారులోని వేడిని గుంజుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కి ముందున్న కండెన్సరుకు పంపుతుంది. అక్కడ అది వేడిని బయటికి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. తిరిగేది ఆ గ్యాసే, మళ్ళీ మళ్ళీ తిరిగేదీ అదే. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ తరబడి కాస్త ఊరిపోవచ్చు గాని, నిరుడు నింపిన గ్యాసు ఈ ఏడు లేదంటే ఎక్కడో కన్నం పడిందనే అర్థం.

కారులో చల్లగాలిని మొదట అమ్మినది అమెరికాలోని ప్యాకార్డ్ సంస్థ, తన 1940 నమూనా కార్లలో. కూలింగ్ కాయిల్ వెనుక డిక్కీ భాగంలో ఉండేది. కంప్రెసరుకు క్లచ్ లేదు. దాన్ని ఆపాలంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయవలసిందే! ఖరీదెక్కువై అది త్వరలోనే ఆగిపోయింది.

అంతకు పదేళ్ళ ముందే, 1930లో, థామస్ మిడ్‌గ్లీ ఒక సభలో కొత్త గ్యాసును గుండెల నిండా పీల్చి, దానితోనే కొవ్వొత్తిని ఆర్పి చూపాడు. అంతవరకు వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ విషవాయువులు. ఇది మంటా కాదు, విషమూ కాదు. తరువాత ఆర్-12గా పేరుపడినది ఈ కుటుంబంలోనిదే. కారిపోయినా మనిషికి హాని లేదు గనుక, కారితే మళ్ళీ నింపడమే అలవాటయింది. మన మెకానిక్ మాట పుట్టింది అక్కడే అని నేననుకుంటాను.

కారిన గ్యాసు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు 1974లో మొలీనా, రోలండ్ జవాబు చెప్పారు: పైకెక్కి ఓజోన్ పొరను తింటుంది. 1985లో అంటార్కిటికా మీద ఆ పొరకు పడిన చిల్లు లోకానికి తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో భారతదేశం అందులో చేరింది. 2003 నుండి మన దేశంలో కొత్త ఏసీల తయారీలో ఆర్-12 నిషిద్ధమయింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏలో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు.

దీనితో మెకానిక్ విద్య కూడా మారిపోయింది. ఆర్-12 కారుతున్న చోట హాలైడ్ దీపం మంట ఆకుపచ్చగా మారేది. ఆ రంగు క్లోరిన్ వల్లనే గనుక కొత్త గ్యాసుకు ఆ దీపం పనికిరాలేదు. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాసులో కలవదు. అది తెలియక పోసిన చోట కంప్రెసర్లు బిగుసుకుపోయాయి. కొత్త గ్యాసుకూ ఒక దోషముంది: భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లకు పైమాటే. కారిపోయిన అరకిలో గ్యాసు రెండు వందల లీటర్లకు పైగా పెట్రోలు తగలబెట్టినంత కీడు చేస్తుంది. అందుకే 2016 కిగాలీ సవరణ దీన్నీ తగ్గించమంది. భారతదేశం 2021లో దాన్ని ఆమోదించింది. మన కోత 2032లో మొదలై 2047 నాటికి 85 శాతానికి చేరాలి.

ఈ గ్యాసులన్నిటిలోనూ ఫ్లోరిన్ ఉంది. నల్లగొండ వారికి ఆ పేరు కొత్త కాదు. ఇక్కడి గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైట్ వంటి ఖనిజాల నుండి నీటిలోకి ఊరిన ఫ్లోరైడే తరాల తరబడి ఎముకలను వంచింది. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతిని నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరే నిలిచింది. ఏసీ గ్యాసు తయారీకి మూలమూ ఆ ఫ్లోరైట్ ఖనిజమే. బావినీటి కీడుకు కారు గ్యాసు కారణం కాదు. కాని రంగూ వాసనా లేనిదల్లా హాని లేనిది కాదని ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కనుక గ్యాసు కొట్టించే ముందు లోపం వెతకాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర నిలిస్తే వేడిగాలి, కదిలితే చల్లగాలి వస్తోందా? కండెన్సర్ ఫ్యాను ఆగి ఉండవచ్చు, లేదా కండెన్సరుకు దుమ్ము పట్టి ఉండవచ్చు. గాలి చల్లగానే ఉన్నా బలహీనంగా వస్తే క్యాబిన్ ఫిల్టర్ చూడాలి. కాసేపు చల్లగా వీచి గాలి తగ్గిపోతే కాయిల్ మీద మంచు కట్టిందేమో చూడాలి. కంప్రెసర్ క్లచ్ పట్టకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. గ్యాసు తగ్గినా క్లచ్ పట్టదు, ప్రెజర్ స్విచ్ దాన్ని ఆపుతుంది. ఆ స్విచ్‌ను తప్పించి నడపడం ఆత్మహత్యే, ఎందుకంటే కంప్రెసరుకు నూనె చేరేది గ్యాసుతోనే.

రెండు గేజీలూ తక్కువ ఒత్తిడి చూపినప్పుడే గ్యాసు తగ్గినట్లు అనుకోవాలి. అప్పుడైనా కీళ్ళ దగ్గర నూనె మరక వెతికి, నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగతో పరీక్షించి, కన్నం మూసి, వ్యాక్యూమ్ చేసి, బానెట్ కింది చీటీలో రాసినంత గ్యాసునే తూచి నింపాలి.

ఈ పనికి సగం పూట పడుతుంది. గ్యాసు కొట్టడానికి అరగంట చాలు. మనం డబ్బిచ్చేది అరగంట పనికే గనుక మెకానిక్‌లు అదే చేస్తున్నారు. ఈ వేసవిలో "గ్యాస్ కొట్టమంటారా?" అని అడిగితే "కన్నమెక్కడో చూడు, ఆ పనికీ కూలి ఇస్తాను" అని చెప్పి చూడండి.