సముద్రగర్భ బావులు: రక్షణ వాల్వుల మూత సమయం

చమురు, సహజవాయు బావిలో ప్రమాదాన్ని పసిగట్టిన క్షణం నుంచి రక్షణ వాల్వు పూర్తిగా మూసుకునేదాకా పట్టే వ్యవధి మూత సమయం. బోరు వేస్తే నీళ్లను మోటారు పెట్టి లాగాలి; గ్యాస్ బావి దానంతటదే ఎగదన్నుతుంది. అలాంటి బావిని మూయలేకపోతే ఏమవుతుందో కోనసీమ కళ్లారా చూసింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి తవ్వకం దశలోనే అదుపు తప్పి, 65 రోజులు మండింది.

సముద్రగర్భంలో తొలి క్రిస్మస్ ట్రీని, అంటే బావి తలపై అమర్చే వాల్వుల సముదాయాన్ని, 1961లో షెల్ కంపెనీ మెక్సికో సింధుశాఖలో దించింది. 1969లో శాంటా బార్బరా తీరంలో బావి పేలి చమురు తెట్టు కట్టాక అమెరికా నిబంధనలు బిగిశాయి. 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం ప్రమాదం 167 మందిని బలిగొని, రక్షణ వాల్వుల అవసరాన్ని మళ్లీ గుర్తుచేసింది. అమెరికా నిబంధనల్లో ప్లాట్‌ఫారం మీది వాల్వుకు 45 సెకన్లు, అది మూసుకున్నాక బావి లోపలి వాల్వుకు 2 నిమిషాలు గడువు.

సముద్రం అడుగున ఈ అంకెలు యథాతథంగా పనిచేయవు. ఆంధ్ర తీరంలో లోతు తక్కువైన రవ్వ క్షేత్రంలో ప్లాట్‌ఫారాలున్నాయి, మనిషి వెళ్లి చూడగలడు. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో డీ1, డీ3 క్షేత్రాల నుంచి తీరంలోని గాడిమొగకు గ్యాస్ రావడం మొదలయ్యాక పరిస్థితి మారింది. అక్కడ బావుల తలలు నీటి అడుగున ఉన్నాయి. వాల్వును తెరిచి పట్టేది హైడ్రాలిక్ ద్రవం ఒత్తిడి. అది పోగానే స్ప్రింగు మూసేస్తుంది. ఆ ద్రవం సన్నని గొట్టంలో కిలోమీటర్ల కొద్దీ వెనక్కి రావాలంటే నిమిషాలు పడుతుంది. బావి పక్కనే నియంత్రణ పెట్టె ఉండి ద్రవాన్ని అక్కడే వదిలితే సెకన్లు చాలు. కాబట్టి దూరం, లోతు, నియంత్రణ పద్ధతిని బట్టి గడువు మారుతుంది.

బావి పాతబడేకొద్దీ లెక్క మరింత చిక్కుపడుతుంది. సీళ్లు బిగుసుకుంటాయి, స్ప్రింగు సత్తువ తగ్గుతుంది, ద్రవంలో మడ్డి చేరుతుంది. డీ1, డీ3 బావుల్లోకి నీరు, ఇసుక చొరబడి 2010 తర్వాత ఉత్పత్తి పడిపోయింది. ఇసుక వాల్వు ఆనుకునే అంచును గీరేస్తుంది. అప్పుడు సమయానికి మూసుకున్నా గ్యాస్ కారుతూనే ఉంటుంది. అందుకే లీకునూ కొలుస్తారు. బావి లోపలి వాల్వుకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ప్రమాణం ఇచ్చే హద్దు నిమిషానికి 400 ఘన సెంటీమీటర్ల ద్రవం, లేదా 15 ఘనపుటడుగుల వాయువు.

ఒత్తిడి తగ్గిన బావితో భయం లేదనుకోవడం సగమే నిజం. చాలా డిజైన్లలో లోపలి వాల్వు మూసుకోవడానికి స్ప్రింగుతోపాటు బావి ఒత్తిడి కూడా కింది నుంచి సాయపడుతుంది. ఆ ఒత్తిడి సన్నగిల్లితే వాల్వు మందగించవచ్చు. కనుక గడువు దాటిందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు. ఉదాహరణకు, పోయిన పరీక్షలో 20 సెకన్లు పట్టిన వాల్వుకు ఈసారి 35 పడితే, గడువు లోపలే ఉన్నా కారణం వెతకాల్సిందే.

డీ1, డీ3 ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ఆగింది. అదే ఏడాది డిసెంబరులో 2,000 మీటర్లకు మించిన లోతున, అదే బ్లాకులోని ఆర్ క్లస్టర్ క్షేత్రం మొదలై, సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని పాత నియంత్రణ ప్లాట్‌ఫారంతో కలిసింది. కొత్త బావి, పాత ఏర్పాట్లు ఇలా జతపడ్డచోట మూత సమయాన్ని ఒక్క వాల్వుకే కాక, ఆజ్ఞ బయలుదేరే గది నుంచి వాల్వు మూసుకునేదాకా మొత్తం వరుసకు లెక్కగట్టాలి.