హౌదా పిస్తోలు



పులివేట యనగానే మనకు రైఫిలు స్ఫురించును గాని పిస్తోలు స్ఫురింపదు. పిస్తోలు సైన్యాధికారులు నడుమునకు దగిలించుకొను చిన్న యాయుధమనియు, మనుష్యుని పైననే గాని మృగముపై బనికిరాదనియు మన తలంపు. అయినను పందొమ్మిదవ శతాబ్దమున మన దేశములో ఏనుగులనెక్కి పెద్దపులుల వేటాడిన ఆంగ్లేయులలో పలువురు రైఫిలుతో పాటు ఒక పిస్తోలును గూడ వెంట నుంచుకొనెడివారు. ఏనుగు వీపున గట్టు పీఠమునకు హౌదా యని పేరు. పైకప్పు గలదానిని మనము అంబారీ యందుము. వేటకు కప్పులేని హౌదాయే తగినది. అందుండి వాడునది గనుక ఆ పిస్తోలునకు హౌదా పిస్తోలను పేరు స్థిరపడెను.

ఏ పిస్తోలును గొనిపోవలెనను ప్రశ్న వినుటకు చిన్నదిగా దోచును. కాని అది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న. దానికి వేటకాండ్రు చెప్పుకొనిన సమాధానములు కాలక్రమమున ఎట్లు మాఱినవో, ఆ లెక్కలో ఎవరి ప్రాణములు చేరినవో, ఎవరివి చేరలేదో నేడు మీకు మనవి చేసెదను.

మొదట, రైఫిలుండగా పిస్తోలేల? ఆ కాలపు తుపాకులు మూతినుండి నింపునవి. గొట్టములో మందు పోయవలెను, గుండు నుంచవలెను, కమ్మితో దట్టింపవలెను, పిమ్మట నిప్పు తగులుటకు వలయు సాధనము నమర్పవలెను. చక్కగా నలవాటు పడిన సిపాయి నేలపై నిలుచుండి సాదా తుపాకిని నిమిషమునకు మూడుమాఱులు ప్రేల్పగలడు. అనగా ఒక్కొక్క మాఱునకు ఇరువది సెకండ్లు. ఊగుచున్న ఏనుగు వీపున, గుండు బిగువుగా దిగు రైఫిలునకు అంతకంటె నెక్కువ కాలమే పట్టును. గాయపడిన పులి యేబది గజముల దూరమునుండి పైకి వచ్చుటకు అయిదు సెకండ్లయినను పట్టదు. జంటగొట్టముల రైఫిలున రెండు దెబ్బలును అయిపోయినపుడు వేటకానికి మిగులునది ఆ అయిదు సెకండ్లే.

వెనుక గూర్చుండి నింపిన తుపాకులను అందించు మనుష్యుడు హౌదాలో నుండుట కలదు. కాని పులి యెగిరి ఏనుగు కుంభస్థలమునో ప్రక్కనో గోళ్లతో బట్టుకొనినపుడు పొడుగు గొట్టపు తుపాకిని క్రిందికి ద్రిప్పుటకు చోటు చాలదు. ఏనుగు తల విదలించును, వెనుదిరుగును, ఒక్కొక్కప్పుడు బెదరి చెట్ల నడుమకు బరుగిడును. అట్టిచో వేటకాడు ఒక చేతితో హౌదా కమ్మిని గట్టిగా బట్టుకొనక తప్పదు. మిగిలినది ఒక్క చేయి. ఆ చేతికి ఇముడునదే పిస్తోలు. కావున హౌదా పిస్తోలు వేటాడుటకు ఉద్దేశించినది కాదు. వేట చెడిపోయిన క్షణమునకు ఉద్దేశించినది. దీనిని మనసులో నుంచుకొనిన యెడల తక్కిన కథ సులభముగా బోధపడును.

అట్టి పిస్తోలునకు గావలసిన గుణములు మూడు. అది పొట్టిదై యుండవలెను. గుండు బరువుగా నుండవలెను. మీట నొక్కినపుడు తప్పక ప్రేలవలెను. గుఱి యంతగా నక్కఱలేదు. మూర దూరమున నున్న పులికి గుఱి యేల? కాని పొట్టి గొట్టములో ఒక చిక్కు కలదు. మందు పూర్తిగా మండి గుండును త్రోయుటకు ముందే గుండు మూతి దాటిపోవును. అందుచే వేగము తగ్గును. వేగమునకు లోపమైన దానిని బరువుతో బూరింపవలసి వచ్చెను.

మూడవ గుణమైన తప్పక ప్రేలుట మొదటి దినములలో దుర్లభమై యుండెను. చెకుముకిరాయి పిస్తోలులో రాతి రవ్వ విడిమందుపై బడి, ఆ నిప్పు రంధ్రము ద్వారా లోపలి మందునకు సోకవలెను. మంచు కురిసిన యుదయమున, తడిసిన గడ్డిలో, ఆ విడిమందు చెమ్మగిల్లెనా, మీట నొక్కినను శబ్దమే యుండదు. స్కాట్లండు దేశస్థుడును మతాచార్యుడునగు అలెగ్జాండరు ఫోర్సైతు పక్షుల వేటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. దెబ్బ తగిలినంతనే మండు రసాయనమును తుపాకికి ఉపయోగించు ఉపాయమునకు ఆయన 1807లో హక్కుపత్రము పొందెను. దానినుండి పుట్టిన రాగి టోపీలు 1820 తరువాత విరివిగా వ్యాపించెను. తడికి వెఱవని ఆ టోపీతో పిస్తోలు నమ్మదగిన యాయుధమయ్యెను. అప్పటినుండి రెండు గొట్టముల పెద్ద పిస్తోళ్లు హౌదాలకెక్కినవి. కొందఱు పాత జంట రైఫిళ్ల గొట్టములను ముందును, కఱ్ఱ పిడిని వెనుకను కోయించి పిస్తోళ్లుగా జేయించుకొనిరి. తరువాత కార్ఖానాలవారే ఆ పనికై ప్రత్యేకముగా జేయసాగిరి.

ఇంతలో ఎన్నికను కష్టపెట్టు క్రొత్త వస్తువొకటి వచ్చెను. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనములో అమెరికావాడగు సామ్యుయేలు కోల్టును, ఆంగ్లేయుడగు రాబర్టు ఆడమ్సును తమ తమ రివాల్వర్లను చూపిరి. కోల్టు పిస్తోలు ఆఱు మాఱులు ప్రేలును. ఆడమ్సుది అయిదు మాఱులు. రెండు గొట్టములున్న చోట అయిదాఱు దెబ్బలు! ఎవనికి ఆశ పుట్టదు? కాని బరువు చూడుడు. ఆ దినములలో గొట్టపు కొలతను, దానికి సరిపడు సీసపు గుండ్లు పౌనుకు ఎన్ని తూగునో ఆ సంఖ్యతో జెప్పెడివారు. పౌనుకు పదునాఱు తూగు గొట్టము గల హౌదా పిస్తోలు గుండు మన లెక్కకు ఇంచుమించు రెండున్నర తులములు. ఆడమ్సు రివాల్వర్లలో పెద్దదాని గుండు పౌనుకు ముప్పదియెనిమిది. అనగా ఒక తులము. కోల్టు వారి 1851 నాటి నేవీ రివాల్వరు గుండు అరతులమునకు గూడ లోపమే. మనుష్యుని నిలుపుటకు అది చాలవచ్చును. కోపించి మీదికి వచ్చు పెద్దపులి మూడు నాలుగు మణుగుల కండ కాదు. పెద్ద మగపులి ఇన్నూఱు కిలోలకు మించి తూగవచ్చును.

మఱియొక భేదము కలదు. కోల్టునకు ప్రతి దెబ్బకును ముందుగా బొటనవ్రేలితో సుత్తిని వెనుకకు లాగవలెను. ఆడమ్సునకు మీట నొక్కుటయే చాలును. సుత్తి తానే లేచి తానే పడును. ఒక చేతితో కమ్మి బట్టుకొనినవానికి ఈ భేదము చిన్నది కాదు. నిదానముగ గుఱిచూచి కొట్టువారికి కోల్టును, తొందరలో దగ్గఱనుండి కొట్టువారికి ఆడమ్సును మేలని నా యభిప్రాయము. 1855లో బోమాంటు అను సైనికాధికారి ఈ రెండు పద్ధతులను ఒక్క పిస్తోలునందే కూర్చు ఉపాయమునకు హక్కుపత్రము పొందెను. అయినను పులి విషయమున గుండ్ల సంఖ్యకంటె గుండు బరువే ముఖ్యమని యెంచి రెండు గొట్టముల పిస్తోలును విడువనివారు పెక్కుమంది యుండిరి.

1866లో ఆంగ్ల సైన్యము స్నైడరు తుపాకిని స్వీకరించెను. అది వెనుకనుండి తూటా నుంచునది. గొట్టపు వెడల్పు అంగుళములో వెయ్యింట 577 వంతులు. పిస్తోలు చేయువారు ఆ కొలతనే గ్రహించి, వెనుకకు విఱిచి తూటాలనుంచు హౌదా పిస్తోళ్లను జేసిరి. ఇవి వీసెడు మొదలు వీసెన్నర వఱకు తూగెడివి. నింపుట సులభమయ్యెను గాని పెట్టు తగ్గలేదు. రైఫిలైనచో భుజము తన్నును భరించును. ఇచ్చట మణికట్టే భరింపవలెను. ఒక గొట్టము ప్రేలిన యదురునకు రెండవదియు దానంతట నదియే ప్రేలు ప్రమాదము జంటగొట్టముల ఆయుధములకు కలదు. అపుడు పిస్తోలు చేయిజాఱుటయే గాక చివరి దెబ్బయు వ్యర్థమగును. 1880 తరువాత లండనులో చార్లెసు లాంకాస్టరు పేర వెలువడిన నాలుగు గొట్టముల పిస్తోలు దీనికి మఱియొక సమాధానము. గుండు కొంత చిన్నది. కాని ఒకే మీటతో నాలుగు గొట్టములును వరుసగా ప్రేలును. తిరుగు చక్రము లేదు గనుక దుమ్ముపడి చిక్కుకొనుట యరుదు. బరువునకును సంఖ్యకును నడుమ జరిగిన సంధి యని దీనిని చెప్పవచ్చును.

ఇంతవఱకు హౌదాలో కూర్చున్నవాని మాట చెప్పితిని. ఇక హౌదాకు ముందు కూర్చున్నవాని మాట. మావటివాడు ఏనుగు మెడపై, చెవుల వెనుక, కాళ్లు వ్రేలాడదీసికొని కూర్చుండును. పులి ఏనుగు తలపైకెగిరిన యెడల మొదట దొరకునది అతడు. అతని చేతనున్నది అంకుశము. వెనుకనుండి దొర ప్రేల్చు గుండు అతని ప్రక్కనుండియే పోవలెను. ఊగు ఏనుగుపై ఒంటిచేతితో ప్రేల్చిన పిస్తోలు ఎంత నమ్మదగినదో మీరే యూహింపుడు. దొర ప్రాణమునకు పిస్తోలు కాపు. మావటివాని ప్రాణమునకు దొర చేతి నిబ్బరమే కాపు.

హౌదా వేట ప్రధానముగా హిమాలయముల క్రింది తరాయి గడ్డి భూములది. 1911 డిసెంబరులో అయిదవ జార్జి చక్రవర్తి నేపాళ తరాయిలో వేటాడినపుడు వందలకొలది ఏనుగులు వలయముగా నిలిచెను. ఆ కొలది దినములలో 39 పులులును 18 ఖడ్గమృగములును కూలెను. మన గోదావరీతీరపు టడవులలోను నల్లమలలోను కొండలును రాళ్లును గనుక అచ్చట ఎక్కువగా జరిగినది మంచె వేట. దొర మంచెపై నుండును. ఊరి మనుష్యులు డప్పులు వాయించుచు, కేకలు వేయుచు, కాలినడకను పులిని మంచెవైపునకు దోలుదురు. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు నిజాము రాజ్యములో వరంగల్లు జిల్లా నెక్కొండ సమీపమున విడిసి పులివేటాడెను. లాలా దీనదయాళుగారు తీసిన ఛాయాచిత్రమున ప్రభువును ఆయన భార్యయు చచ్చిన పులి యొద్ద కనబడుదురు. ఆ పులిని తోలినవారి పేళ్లు ఏ చిత్రము క్రిందను లేవు. గాయపడిన పులి పొదలో దూరినపుడు నెత్తురు జాడ చూచుచు ముందు నడచువాడును ఊరివాడే. వాని కన్నులు నేలమీద నుండును. వాని చేత పిస్తోలుండదు.

ఏల యుండదు? 1857 తిరుగుబాటు తరువాత ప్రజల చేతులనుండి ఆయుధములను దీసికొను పని విస్తారముగా సాగెను. లిట్టను ప్రభువు కాలమున 1878లో ఆయుధముల చట్టము వచ్చెను. లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుట నేరమయ్యెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు దొరకెను. 1887లో మదరాసున గూడిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును మార్పుమని తీర్మానించెను. సర్కారు జిల్లాలలోను దత్తమండలములలోను అడవిప్రక్క రైతునకు పంట కాపుదలకై లైసెన్సు దొరకకపోలేదు. కాని కచేరీకి దిరిగి, అర్జీ పెట్టి, అనుగ్రహమునకై వేచియుండవలెను. వినోదమునకు వచ్చినవాడు కోల్టా, ఆడమ్సా, రెండు గొట్టములా, నాలుగు గొట్టములా యని తర్కించుచుండగా, పశువుల దొడ్డిలోనికి పులి వచ్చినవానికి ఈటెయు, డప్పును, నిప్పును గతియయ్యెను. ఎన్నుకొనుట యనునది ఎన్నుకొను హక్కున్నవాని మాట.

హౌదా పిస్తోలు కాలము దానంతటనే ముగిసెను. వెనుకనుండి నింపు జంట రైఫిలునకు రెండు తూటాలు మార్చుటకు కొలది సెకండ్లు చాలును. 1890 ప్రాంతమున పొగలేని మందు వచ్చెను; దానిని వెన్నంటి అయిదాఱు తూటాలను కడుపున దాచుకొను రైఫిళ్లు వ్యాపించెను. చివరి క్షణము వఱకు రైఫిలే పలుకుచుండగా వీసెడు బరువు పిస్తోలును మోయుట యెందుకని వేటకాండ్రు దానిని విడిచిరి. ఇరువదవ శతాబ్దమున అది క్రమముగా ప్రదర్శనశాలలకును పాత వస్తువుల వేలములకును జేరినది.

చట్టములును మాఱినవి. 1878 చట్టమునకు బదులుగా 1959లో స్వతంత్ర భారతము వేఱొక ఆయుధముల చట్టమును జేసికొనెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1973లో పులుల రక్షణకై ప్రత్యేక ప్రణాళిక మొదలయ్యెను. ఒకప్పుడు వేటభూములైన నల్లమల యడవులు 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల సంరక్షణస్థానమైనవి. దేశమంతట 2006లో 1,411గా అంచనా వేయబడిన పులులు 2022 గణనమున 3,682 అయినవి. నల్లమలలో పులి జాడలను గనిపెట్టి కాపాడు పనిలో చెంచులు పాల్గొనుచున్నారు. వారి పూర్వులు నేర్చిన జాడ చూచు విద్యయే నేడు పులికి కాపయినది.

పాత ఆయుధమొకటి మీ కంటబడినపుడు, దానిని చేసిన కార్ఖానా పేరు చదువుట మంచిదే. గొట్టపు కొలత తెలిసికొనుట మంచిదే. దానితోపాటు, అది ప్రేలినపుడు దానికి ముందెవరు కూర్చుండిరి, ఎవరు నడచుచుండిరి అనియు అడుగుడని నా మనవి. మన యూళ్ల వృద్ధులలో తమ తాతలు డప్పు పట్టి పులిని తోలిన కథలు వినినవారు ఇంకను ఉండవచ్చును. వానిని వ్రాయించి యుంచుడు. దొరల కథలను దొరలు వ్రాసికొనిరి. ఈ కథలను వ్రాయవలసినవారము మనమే.