చెవిలోని హోరు

వెలుపల ఏ ధ్వనియు లేకున్నను చెవిలో ఈలయో, కీచురాయి రొదయో, నీటి హోరో ఎడతెగక వినవచ్చు వ్యాధిని మన ప్రాచీన వైద్యులు బాగుగనే ఎఱుగుదురు. సుశ్రుతుడు తాను పేర్కొన్న 28 కర్ణరోగములలో దీనిని చేర్చగా, మాధవనిదానము దీనిని కర్ణనాదమనుచు, భేరీ మృదంగ శంఖధ్వనులు వినిపించునని లక్షణము చెప్పి, చెవిలో నిలిచిన వాతమే కారణమని నిర్ణయించినది. బిల్వతైలము వంటి తైలములతో చెవిని నింపుట నాటి చికిత్స.

చప్పుడును చప్పుడుతోనే అణచవచ్చునను ఆలోచన గ్రీకుల కడ కానవచ్చును. బయట శబ్దము చేసినచో చెవిలోని రొద ఏల తగ్గునని ప్రశ్నించి, పెద్ద ధ్వని చిన్నదానిని తఱిమివేయును గనుకనేయని ఉత్తరము చెప్పిన గ్రంథమొకటి అరిస్టాటిల్ పేర ప్రచారములో గలదు. 1821లో గ్రంథము వెలువరించిన ఫ్రెంచి వైద్యుడు ఇటార్, ఈ సూత్రమునే చికిత్సగా మలచి, రోగి వినుచున్న నాదమునకు సరిపడు ధ్వనిని వెదకి, ఒకనికి పచ్చికట్టెలు చిటపటలాడు పొయ్యి చెంత కూర్చుండుమనియు, మఱియొకనికి రాగిపాత్రలో నీటిబొట్లు పడునట్లు అమర్చుకొనుమనియు ఉపదేశించెను.

ఈ ఉపదేశము కర్నూలు సీమవాసి చెవిన పడియున్నచో, పొయ్యికేమి గాని నీళ్లెక్కడివని ఎదురు ప్రశ్నించి యుండును. ఏడాది పొడుగునను ఊట తఱుగని మహానంది కోనేరుల కడనో, సుంకేసుల ఆనకట్ట వద్ద బయలుదేరు కర్నూలు-కడప (కె.సి.) కాలువ గట్టుననో తప్ప, ఈ మెట్టనేలలో ఎడతెగని జలధ్వని అరుదు. పాతకాలమున కపిల బావుల గిలకల కిఱ్ఱుమనుట ఉండెడిది. ఇంజిన్లు, మోటార్లు వచ్చి దానిని మాన్పినవి.

నీరు కొఱవడిన సీమకు రాతి చప్పుడు మాత్రము కొదవలేదు. బేతంచర్ల పాలిషు ఫ్యాక్టరీలో నాపరాయి మీద కోతచక్రము దిగునప్పుడు, పక్కనున్న మనిషితో మాటాడవలెనన్నను చేసైగయే గతి. సాయంత్రము మిషను ఆగిన పిమ్మట సైతము కార్మికుని చెవిలో అది ఆగదు. అంతశ్శ్రవణములోని సూక్ష్మ కేశకణములు పెనుధ్వనికి నశించినచో తిరిగి మొలవవు. అటనుండి రావలసిన వార్త తగ్గగా, మెదడు తన శ్రవణశక్తిని హెచ్చించుకొనుటలో లేని నాదము పుట్టునని శాస్త్రజ్ఞులలో పెక్కుర అభిప్రాయము.

చెవికి తగిలించుకొను వినికిడి యంత్రము ఈ హోరు నణచుటకు పనికివచ్చునని 1947లోనే అమెరికాలో సాల్ట్‌జ్‌మన్, అర్స్‌నర్ అను వైద్యులు వ్రాసిరి. మన వారు చెవి మిషను అని పిలుచు ఆ యంత్రపు తొలినాటి పెట్టెను చొక్కా జేబులో నుంచి, తీగెను చెవి దాక లాగుకొనవలసి యుండెడిది. గుడ్డ రాసుకొనిన గరగర కూడ మాటతో సమానముగ వినబడెడిదైనను, బయటి లోకపు సవ్వడి చేరగనే లోపలి హోరు వెనుకబడుట పలువురకు అనుభవమయ్యెను. 1970 దశకమున, చెవిహోరుతో బాధపడుచున్న ఛార్లెస్ యూనిస్ అను వైద్యుడు పోర్ట్‌లాండ్ నగరములో ఫౌంటెను పక్క నిలిచినంతసేపు తన బాధ వినరాకపోవుట గమనింపగా, వెంటనున్న శ్రవణ పరిశోధకుడు జాక్ వెర్నన్ ఆ నీటిహోరు వంటి ధ్వనినే చెవిలో ధరించు పరికరమున ఇమిడ్చెను. ఇటార్ రాగిపాత్ర అట్లు చెవి వెనుకకు చేరినది. నేడు ఫోనులోని వానచప్పుడును ఇయర్‌ఫోనుతో వినువారు చేయుచున్నదియు అదియే.

అయినను ఇది ఉపశమనమే గాని రోగనివారణము గాదు. 1990లో జాస్ట్రెబాఫ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన సిద్ధాంతము ననుసరించి, ఆ నాదమును ముంచివేయక, దానికంటె కొంచెము తక్కువ ధ్వనిని నిత్యము వినుచు, మెదడు దానిని పట్టించుకొనకుండునట్లు అలవఱచుట మేలని పెక్కురు చెప్పుదురు. హోరు వినబడకుండుటకై ఇయర్‌ఫోనులో శబ్దమును మితిమీఱ పెంచుట, ఉన్న కేశకణములను గూడ పోగొట్టుకొనుటయే. ఒక్క చెవిలోనే మ్రోగినను, నాడితో కలిసి కొట్టుకొనినను, హఠాత్తుగ చెవుడు వచ్చినను యంత్రము కొనుటకు ముందు వైద్యుని చూడవలెను. 1957 నుండియు వైద్యకళాశాల గల కర్నూలులో అది దుర్లభము గాదు.

ధ్వని వలన కలుగు చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులో తెలియజేయవలసిన వ్యాధిగ చేరియుండెను. రాతి ఫ్యాక్టరీల యజమానులారా, మీ కార్మికునకు రేపు చెవి మిషను అవసరము రాకుండ, నేడే చెవులకు రక్షణ కవచము లిప్పింపుడు.