పలువరుస దిద్దిన కథ

మన ఇండ్లలో పిల్లవానికి తొలి పాలపన్ను ఊడినప్పుడు దానిని ఇంటికప్పు మీదికి విసరివేయించుట ఆచారము. క్రొత్తపన్ను చక్కగా రావలెనని పెద్దల కోరిక. ఆ కోరిక తీరినచో సరే. తీరక, వచ్చిన పన్ను ముందుకు పొడుచుకొని వచ్చినను, ప్రక్కపంటిపై ఎక్కినను, ఇంటిల్లిపాదియు ఒకే మాట చెప్పుదురు: పెద్దవాడైనచో అదే సర్దుకొనును. సర్దుకొననియెడల ఎత్తుపళ్ళనియు గొగ్గిపళ్ళనియు తోడిపిల్లలు వెక్కిరింతురు. ఆడపిల్లయైనచో పెండ్లిచూపుల వేళ ఆ సంగతి మరల తలపునకు వచ్చును. ఇట్లు వంకరపళ్ళ విషయము మన ఇండ్లలో అందచందముల లెక్కలో చేరినది గాని ఆరోగ్యపు లెక్కలోనికి రాలేదు.

ఇది అందమునకు సంబంధించిన విషయమా, ఆరోగ్యమునకు సంబంధించినదా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము ఒక్కనాట సమాధానము చెప్పలేదు. దాదాపు రెండువేల ఏండ్లు తడవుకొనుచు, తప్పులు చేయుచు, చేసిన తప్పులను ఒప్పుకొనుచు వచ్చి చెప్పినది. ఆ త్రోవ వెంట ఒకసారి మనమును నడచి చూతము.

మన ఆయుర్వేదగ్రంథములలో నోటి రోగములకు ప్రత్యేకమైన స్థానము కలదు. సుశ్రుతుడు, వాగ్భటుడు మొదలగువారు దంతములకు, చిగుళ్ళకు, నాలుకకు వచ్చు వ్యాధులను వేరువేరుగా వివరించిరి. ఉండవలసిన వానికంటె అదనముగా మొలచిన పంటికి అధిదంతమని పేరుపెట్టి, దానిని తీసివేయవలెనని చెప్పిరి. పళ్ళు క్రమముగా వంకరలు తిరిగి వికృతములగుటకు కరాళమని పేరు. రోగములను గుర్తించు విధానమునకు ప్రమాణగ్రంథమైన మాధవనిదానము ఈ కరాళమును పేర్కొని, పంటిని ఆశ్రయించిన వాయువు మెల్లమెల్లగా దీనిని కలిగించునని చెప్పి, ఇది అసాధ్యమని తేల్చినది. ఇందు మనము గమనింపవలసినవి రెండు. వంకరపళ్ళను మన పూర్వులు కేవలము రూపలోపముగా గాక రోగముగా లెక్కించిరి. ఐతే దానిని సరిచేయు ఉపాయము వారికి దొరకలేదు. దొరకలేదను సత్యమును దాచక వ్రాసిరి.

మాధవనిదానమునకు ఎన్నో శతాబ్దములకు ముందే, క్రీ. శ. 1వ శతాబ్దమున, రోములో సెల్సస్ అను గ్రంథకర్త తన వైద్యగ్రంథమున ఒక చిన్న సలహా వ్రాసెను. పాలపన్ను ఊడకమునుపే దాని ప్రక్కన క్రొత్తపన్ను మొలచినయెడల, పాలపన్నును తీసివేసి, క్రొత్తదానిని ప్రతిదినము వ్రేలితో దాని చోటికి నెట్టుచుండవలెను. అది తగిన ప్రమాణమునకు పెరుగుదాక ఇట్లు చేయవలెనని అతని సలహా. నేటి చికిత్సకు మూలమైన మూడు సంగతులును ఇందు కలవు: పంటికి చోటు కల్పించుట, మెల్లని ఒత్తిడి, ప్రతిదినపు ఓపిక. కాని ఈ సలహా ఒక శాస్త్రముగా పెరుగుటకు పదునేడు శతాబ్దములు పట్టినది.

18వ శతాబ్దపు ఐరోపాలో పళ్ళు పీకుట సంతలలో, కూడళ్ళలో జరుగు పని. అట్టి కాలమున, 1728వ సంవత్సరమున, పియేర్ ఫోషార్ అను ఫ్రెంచి వైద్యుడు దంతవైద్యమును గూర్చి రెండు సంపుటముల గ్రంథము ప్రకటించెను. పురుగు తొలుచుట వలన పిప్పిపన్ను వచ్చునను పాతనమ్మకమును, సూక్ష్మదర్శినితో చూచినను అట్టి పురుగు కానరాలేదని చెప్పి, అతడు కాదనెను. ఆ గ్రంథముననే వంకరపళ్ళను దిద్దు సాధనమొకటి వర్ణించెను. అది బంగారుతో గాని వెండితో గాని చేసిన పలుచని పట్టీ. దానికి రంధ్రములుండును. పట్టీని పళ్ళవరుసకు ఆనించి, వంకరగా నున్న పన్నును దారముతో దానికి బిగించి కట్టుదురు. దారము లాగిన కొలది పన్ను పట్టీవైపునకు జరుగును. ఒక్కొక్కప్పుడు ఫోషార్ అంత ఓపిక పట్టక, పటకారుతో పన్నును బలముగా త్రిప్పి నిలిపి, ఆ పైన కట్టుకట్టెడివాడు. పన్ను ఎట్లు జరుగుచున్నదో, దాని చుట్టునున్న ఎముకలో ఏమగుచున్నదో ఆనాడు ఎవరికిని తెలియదు.

1771లో లండను శస్త్రవైద్యుడు జాన్ హంటర్ మానవదంతములను గూర్చి ప్రకటించిన గ్రంథము మరియొక తలుపు తెరచినది. దవడ అన్నివైపుల సమముగా పెరుగదనియు, పెద్ద దవడపళ్ళకు చోటు వెనుకవైపు పెరుగుదల వలన ఏర్పడుననియు అతడు చూపెను. దీనినుండి గృహస్థులు తెలిసికొనవలసినది కలదు. ముందుపళ్ళు ఇరుకుగా వచ్చినప్పుడు, దవడ పెరిగి వానికి చోటిచ్చునని కూర్చుండుట చాలమారులు వృథా. పెరుగుదల వెనుక జరుగుచుండగా ఇరుకు ముందట అట్లే ఉండిపోవును.

19వ శతాబ్దము చివరి వరకు వైద్యులు చూచినది ఒక్కొక్క పన్నును మాత్రమే. ఏ పన్ను వంకరయో దానిని లాగుట, నెట్టుట, తీసివేయుట, ఇంతియే వైద్యము. ఈ చూపును మార్చినవాడు అమెరికా దేశీయుడు ఎడ్వర్డ్ ఆంగిల్. పైపళ్ళు క్రిందిపళ్ళతో ఎట్లు కలియుచున్నవి అనునది అసలు ప్రశ్న యని అతడు చెప్పెను. తిరుగలి పైరాయి క్రిందిరాయితో పొసగకున్నచో ఎంత నున్నని రాళ్ళైనను పిండి పడదు గదా! ఆరేండ్ల ప్రాయమున మొలచు మొదటి పెద్ద దవడపన్నును ఆనవాలుగా పెట్టుకొని, పళ్ళు పొసగని తీరులను 1899లో అతడు మూడు తరగతులుగా విభజించెను. ఆ విభజన నేటికిని దంతవైద్య విద్యార్థులకు మొదటిపాఠములలో ఒకటి. 1900లో సెంట్ లూయీ నగరమున ఈ ఒక్క విద్యకే అతడొక పాఠశాల తెరచెను. పలువరుస దిద్దుట ప్రత్యేకశాఖగా నిలదొక్కుకొన్నది అప్పటినుండియే.

సుమారుగా అదే కాలమున ఎముకలోని రహస్యము బయటపడినది. 1904లో కార్ల్ శాండ్‌స్టెట్ అను స్వీడను దేశీయుడు కుక్కల పళ్ళకు ఒత్తిడి కలిగించి, కొన్నాళ్ళైన పిదప ఆ ఎముకను సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. పన్ను ఏ వైపునకు నెట్టబడినదో ఆ వైపున ఎముక కరగుచున్నది. విడిచివచ్చిన వైపున క్రొత్త ఎముక పేరుకొనుచున్నది. అనగా పన్ను గోడలో దిగగొట్టిన మేకు వంటిది కాదు. ప్రాణమున్న ఎముక మధ్య, సన్నని నారల ఆధారమున నిలిచియున్నది. ఒత్తిడి మితిమీరినచో అక్కడి నెత్తురుప్రసారము నిలిచి కణములు నశించును. పన్ను జరుగుట ఆగిపోవును. ఫోషార్ పటకారు పట్టినచోట సెల్సస్ వ్రేలే మేలని దీనివలన తేలినది. క్లిప్పులు వేయించుకొన్నవారు, త్వరగా బిగించి త్వరగా ముగింపుమని వైద్యుని తొందరపెట్టరాదనుటకు కారణమిదియే. ఎముక తన వేగమున తాను కరగి, తన వేగమున తాను పెరుగును.

ఇక ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్దవాదము పళ్ళు తీయవలెనా వలదా యనునది. ప్రకృతి యిచ్చిన ముప్పదిరెండు దంతములకును ప్రతి నోటను చోటు కల్పింపవచ్చుననియు, మంచి పన్నును పీకుట అపరాధమనియు ఆంగిల్ మతము. కాల్విన్ కేస్ అను మరియొక అమెరికను వైద్యుడు దీనిని ఎదిరించెను. 1911లో ఈ విషయమై వృత్తిసభలో తీవ్రమైన వాదోపవాదములు జరిగినవి. ఆంగిల్ పక్షమే చాలకాలము నెగ్గినది.

దానిని మార్చినవాడు ఆంగిల్ శిష్యుడే. ఛార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్లు ఏ పన్నును తీయక ఎందరికో పలువరుస దిద్దెను. కొన్నాళ్ళకు చూడగా పలువురికి పళ్ళు మరల వంకరలు పోయినవి. కొందరికి నోరు ముందుకు ఉబికినట్లైనది. తాను చేసినదాని ఫలితమును అతడు దాచుకొనలేదు. ఆ రోగులకే నాలుగు చిన్న దవడపళ్ళు తీసి, మరల మొదటినుండి చికిత్స చేసెను. అట్లు రెండుమారులు చికిత్స పొందిన నూరుగురి వివరములను 1940లో తోటివైద్యుల యెదుట పెట్టెను. గురువు 1930లోనే గతించెను. గురుభక్తులు ట్వీడుపై ఆగ్రహించిరి. కాని కళ్ళయెదుట నూరు నోళ్ళ సాక్ష్యముండగా కాదనుట కష్టమైనది. ఆ తరువాత కొంతకాలము వైద్యులు రెండవ అంచునకు పోయి, అవసరమునకు మించి పళ్ళు తీసిరి. నేడు ఈ రెండు అంచులను విడిచి, ప్రతి రోగి దవడను కొలిచి, ఎక్స్‌రే తీసి, అతనికి తగినది నిర్ణయించుచున్నారు. కావున వైద్యుడు పన్ను తీయవలెననగానే భయపడనక్కరలేదు. ఎందులకు తీయవలెనో అడిగి తెలిసికొనుటకు మాత్రము మనకు హక్కు కలదు.

సాధనములును మారినవి. ఆంగిల్ నాడు తీగెలు బంగారుతో చేయుచుండిరి. 1930ల నుండి స్టెయిన్‌లెస్ స్టీలు తీగెలు వచ్చి ఖర్చు తగ్గించినవి. పూర్వము ప్రతిపంటికిని లోహపుపట్టీ తొడుగవలసివచ్చెడిది. 1955లో మైకేల్ బ్యూనకోర్ పంటిపై ఎనామెలను గట్టిపొరను ఆమ్లముతో కొంచెము గరుకు చేసినచో మందు అంటుకొనునని చూపెను. దాని ఫలముగా నేడు చిన్నచిన్న బిళ్ళలను పంటికి అంటించి తీగె బిగించుచున్నారు. 1990ల చివరినుండి, తీసి పెట్టుకొనదగిన పారదర్శకపు తొడుగులును వచ్చినవి. మన దేశమున డాక్టరు రఫీఉద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. పలువరుస దిద్దు వైద్యుల అఖిలభారత సంఘము 1965లో ఏర్పడినది.

ఇంత శ్రమ పడి శాస్త్రము తెలిసికొన్నదేమి? మొదటి ప్రశ్నకు మరల వత్తము. పన్ను పంటిపై ఎక్కినచోట వేపపుల్ల గాని బ్రష్షు గాని సరిగా చేరదు. అక్కడ పాచి నిలుచును; పాచి గట్టిపడి గార యగును; చిగుళ్ళు వాచి నెత్తురు కారును. అట్లని వంకరపళ్ళ వారందరికిని పళ్ళు పాడగుననుట సరికాదు. ఓపికతో తోముకొనువాని వంకరపళ్ళు, తోముకొననివాని చక్కనిపళ్ళకంటె ఎక్కువకాలము నిలుచును. కాని కొన్ని వంకరల హాని స్పష్టమైనది. ఎత్తుపళ్ళున్న పిల్లలు ఆటలలో పడినప్పుడు ముందుపళ్ళు విరుగగొట్టుకొనుట ఎక్కువ. పైపళ్ళు క్రిందిపళ్ళను మరీ లోతుగా కప్పినచో క్రిందిపళ్ళ మొనలు అంగిటి చిగురును గాయపరచును. కోరపన్ను బయటికి రాక ఎముకలో అడ్డముగా నిలిచినయెడల ప్రక్కపంటి వేరును కరగింపవచ్చును. ఇవి అందము కొరకు గాక పళ్ళ రక్షణకొరకే చికిత్స చేయింపవలసిన సందర్భములు.

తల్లిదండ్రులు చేయవలసినది కొంచెమే. పాలపళ్ళు ఎట్లును ఊడునవే గదా యని వానిని పిప్పిపట్టనీయరాదు. అవి క్రొత్తపళ్ళకు చోటు కాపాడు కావలివాండ్రు. పాలపన్ను అకాలముగా పోయినచో ప్రక్కపళ్ళు ఆ చోటులోనికి ఒరిగి, రావలసినదానికి దారి లేకుండ చేయును. బొటనవ్రేలు చీకు అలవాటును నాలుగైదేండ్లకు మెల్లగా మాన్పింపవలెను. ఏడేండ్ల ప్రాయమున ఒకమారు దంతవైద్యునికి చూపుట మంచిది. అప్పుడే చికిత్స చేయవలెనని కాదు. ఎప్పుడు చేయవలెనో తెలియుటకు. క్లిప్పులు వేసిన కాలమున పళ్ళు రెండింతలు శ్రద్ధతో తోమవలెను. లేనియెడల బిళ్ళల చుట్టు తెల్లని మచ్చలు పడి, పలువరుస చక్కబడినను పళ్ళు చెడును. చికిత్స ముగిసిన తరువాత వైద్యుడిచ్చు రిటైనరును చెప్పినంతకాలము ధరింపవలెను. ట్వీడు రోగులకు జరిగినది మరువరాదు. పన్ను తన పాతచోటికి పోజూచును. చిగుళ్ళు ఆరోగ్యముగా నున్న పెద్దవారికిని ఈ చికిత్స సాధ్యమే; కొంచెము ఎక్కువ కాలము పట్టును.

కరాళము అసాధ్యమని వ్రాసిన మన పూర్వవైద్యులు ఆనాటికి సత్యమే చెప్పిరి. నేడు ఆ మాట మారినది. పాలపన్నును ఇంటికప్పు మీదికి విసరు వేడుకను మానవలసిన పని లేదు. దాని తరువాత వచ్చుపన్ను ఎటు మొలచుచున్నదో అప్పుడప్పుడు పిల్లవాని నోరు తెరిపించి చూచినచో చాలును.