గేరు నూనె ఎంపిక: డబ్బా మీది అంకెలు, అక్షరాలు

స్పోర్ట్స్ కారు ఇంజను ఎంతటి శక్తిని పుట్టించినా, ఆ శక్తి చక్రాలను చేరవలసినది గేర్ల పళ్ళ మీదుగానే. పన్నుకూ పన్నుకూ మధ్య నిలిచేది పలుచని నూనెపొర ఒక్కటే. ఇంజను నూనె విషయంలో ఎంతో శ్రద్ధ వహించే యజమానులు సైతం గేరు నూనె దగ్గరకు వచ్చేసరికి ‘తొంభై నంబరు ఇవ్వండి’ అని ఊరుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. తొంభై అన్నది చిక్కదనాన్ని తెలిపే అంకె మాత్రమే; నూనె స్వభావాన్ని తెలిపేది కాదు.

స్వభావాన్ని తెలిపేవి జి.ఎల్.-4, జి.ఎల్.-5 అనే గుర్తులు. విపరీతమైన ఒత్తిడిలో లోహాలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా రెండింటిలోనూ గంధకం, భాస్వరం కలిగిన రసాయనాలను కలుపుతారు. జి.ఎల్.-5లో వీటి పాలు దాదాపు రెట్టింపు. అంకె పెద్దది కనుక నూనె మేలైనదని భావించడం సహజమే గాని, గేర్‌బాక్సు విషయంలో అది ఖరీదైన పొరపాటు కావచ్చు.

కారణం సింక్రో రింగు. గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలను ఒకే వేగానికి తెచ్చే ఈ రింగు చాలా కార్లలో ఇత్తడిది. అది రాపిడి చేతనే తన పని నెరవేరుస్తుంది. నూనె మరీ జారుడుగా ఉంటే రింగుకు పట్టు దొరకదు. గేరు పడేటప్పుడు కరకర శబ్దం వస్తుంది. పైగా, వేడెక్కినప్పుడు చురుకైన గంధకం రాగి కలిసిన లోహాలను తినివేస్తుంది. ఇత్తడికి హాని చేయని జి.ఎల్.-5 నూనెలు నేడు లభిస్తున్నాయి గాని, డబ్బా మీద ఆ మాట స్పష్టంగా ఉంటేనే నమ్మాలి.

అట్లని జి.ఎల్.-5ను త్యజించరాదు. పినియన్ ఇరుసు క్రౌన్ చక్రపు మధ్యరేఖకు పక్కగా తొలగి ఉండే హైపాయిడ్ అమరికలో పళ్ళు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతాయి, అక్కడ జి.ఎల్.-4 చాలదు. సుబారు టర్బో కార్లలో గేర్‌బాక్సుకూ ముందు డిఫరెన్షియల్‌కూ నూనె ఒక్కటే కనుక తయారీదారు 75డబ్ల్యు-90 జి.ఎల్.-5నే కోరాడు. 1989లో వచ్చిన తొలి తరం మాజ్డా ఎం.ఎక్స్.-5లో అవి వేర్వేరు పెట్టెలు. గేర్‌బాక్సుకు రెండింటిలో ఏదైనా సరేనని దాని పుస్తకం చెబుతుంది. వెనుక డిఫరెన్షియల్‌కు మాత్రం జి.ఎల్.-5 తప్పనిసరి. చలిలో రెండవ గేరు మొరాయించడం ఈ కారుకు పేరుపడ్డ జబ్బు. అందువల్ల గేర్‌బాక్సుకు జి.ఎల్.-4 పోసే యజమానులే ఎక్కువ తెలివైనవారనిపిస్తుంది.

అన్ని గేర్‌బాక్సులూ గేరు నూనెనే కోరవు. ఫోర్డ్ మస్టాంగ్‌లో 1980లలో వాడిన మెరుగైన టి-5 పెట్టెకు ఆటోమేటిక్ గేర్లకు వాడే పలుచని ద్రవమే పోయాలి.

చిక్కదనపు అంకెలలో మరొక మెలిక ఉంది. గేరు నూనెకు, ఇంజను నూనెకు కొలతలు వేరు. గేరు నూనె 90, ఇంజను నూనె 40 దాదాపు ఒకే చిక్కదనం గలవి. ‘డబ్ల్యు’కు ముందున్న అంకె చలిలో ప్రవహించే గుణానికి గుర్తు. 80డబ్ల్యును సున్నాకు దిగువ 26 డిగ్రీల వద్ద, 75డబ్ల్యును 40 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. దక్కనులో, కోస్తాలో అంతటి చలి ఎక్కడిది?

నూనె మార్చేటప్పుడు పోసే రంధ్రపు నట్టును ముందుగా విప్పాలి. కింది నట్టు విప్పి నూనె అంతా వంచిన తరువాత పై నట్టు ఊడకపోతే బండి కదలదు. పాత నూనెలో పసుపు పచ్చని మెరుపు పొడి కనిపిస్తే సింక్రో రింగులు అరుగుతున్నట్లే.

జీపులకూ ఇదే విచక్షణ అవసరం. బ్రేకులు నూనెలో మునిగి ఉండే ట్రాక్టర్ల సంగతి వేరు. గేర్లకు, హైడ్రాలిక్‌కు, బ్రేకులకు కలిపి తయారైన ప్రత్యేక నూనెనే వాటిలో పోయాలి.